షాటో గయార్: ముందు ఊరు చూడండి, తర్వాతే కోట

ఫ్రాన్స్‌లోని నార్మండీలో, సీన్ నది మలుపు మీద ఉన్న సుద్దరాతి గుట్టపై ఈ కోట ఉంది. ఇంగ్లండ్ రాజు మొదటి రిచర్డ్ మూడో క్రూసేడు (క్రైస్తవుల మతయుద్ధం) నుంచి తిరిగొస్తూ బందీగా చిక్కినప్పుడు, ఫ్రాన్స్ రాజు రెండో ఫిలిప్ సరిహద్దులోని జీజోర్ కోటను లాగేసుకున్నాడు. ఆ లోటు పూడ్చడానికి రిచర్డ్ కట్టించిందే ఇది. ఈ గుట్ట ఉన్న ఆందెలీలో కోట కట్టకూడదని ఇద్దరు రాజుల 1196 జనవరి ఒప్పందంలో ఉంది, పైగా ఆ నేల రువాన్ నగర క్రైస్తవ మతపెద్ద అయిన ఆర్చిబిషప్‌ది. అయినా రిచర్డ్ అదే ఏడు పని మొదలుపెట్టి 1198కల్లా ముగించాడు. ఖర్చు సుమారు 12,000 పౌండ్లు. ఆయన హయాంలో ఇంగ్లండ్ కోటలన్నిటికీ కలిపి పెట్టింది 7,000 దాకానే!

చాలామంది కారులో పై పార్కింగ్‌కి వెళ్ళి, ఫొటో తీసుకుని దిగిపోతారు. వ్యూ బాగుంటుంది, కాదనం. ఫిలిప్ సైన్యం దాడికి దిగింది కూడా ఆ ఎత్తు వైపు నుంచే. కానీ కోట అర్థం కావాలంటే నది ఒడ్డున ఉన్న పెటి ఆందెలీ నుంచి నడవాలి. కోటతో పాటే రిచర్డ్ వేయించిన ఊరది. 1203లో ముట్టడి మొదలవగానే ఆ ఊరి జనం కోటలోకి పరుగెత్తారు. తిండి చాలక కోట అధిపతి రోజర్ డి లేసీ వాళ్ళను విడతలుగా బయటికి పంపేశాడు. మొదటి గుంపులను ఫ్రెంచివాళ్ళు వదిలేశారు, చివరి గుంపును మాత్రం పోనివ్వలేదు. వాళ్ళు చలికాలమంతా గోడకీ శత్రువుకీ మధ్య వాలు మీదే ఆకలితో మాడారు. ఎక్కేటప్పుడు ఆ వాలు మీదొకసారి ఆగి రెండు వైపులా చూడండి. కోట 1204 మార్చి 6న పడింది.

బాట నిటారుగా ఉంటుంది. వాన పడితే సుద్దనేల జారుతుంది, పట్టున్న బూట్లు తప్పనిసరి. లోపలి ప్రాకారం గోడ వంపులు వంపులుగా, అలల్లా ఉంటుంది. శత్రువులు విసిరిన రాయి తగిలినా పక్కకు జారిపోవాలని అలా కట్టారు. దీన్ని దగ్గరగా చూడకుండా రావద్దు. బయటి భాగాలకు టికెట్ లేదు, ప్రధాన బురుజు వైపు మాత్రం సీజన్‌లోనే తెరుస్తారు, దానికి టికెట్ ఉంది. లోపల వస్తువులేమీ ఉండవు, పైకప్పూ లేదు. మ్యూజియం ఆశించి వెళ్తే నిరాశే.

ఊళ్ళో రైలు స్టేషన్ లేదు. పారిస్-రువాన్ లైన్‌లో గయ్యోన్-ఓబెవోయ్ దగ్గర దిగి, మిగతా పదికి పైగా కిలోమీటర్లకు ట్యాక్సీ ముందే మాట్లాడుకోండి, తిరుగు ప్రయాణానికి కూడా.