ఊంబ్రియాలో ఒక బిగ్ బ్యాండ్ కచేరీ: పదిహేడు వాద్యాల నడుమ ఒక గొంతు

పెద్ద వాద్యబృందం గట్టిగా వాయించడంలో విశేషం లేదు. అంతమంది కలిసి, బిగి సడలకుండా, పాడే మనిషి ఊపిరి కూడా వినపడేంత మెల్లగా వాయించగలరా అన్నదే అసలు పరీక్ష. మధ్య ఇటలీలోని ఊంబ్రియా ప్రాంతంలో, ఒక చిన్న పట్టణపు పాత ఒపెరా థియేటర్‌లో, స్థానిక వాద్యకారుల బిగ్ బ్యాండ్ ఒక అతిథి గాయనితో కలిసి ఇచ్చిన జాజ్ కచేరీని నేను ఈ ఒక్క గీటురాయి మీదే గీసి చూశాను. ఆ లెక్కన రెండో భాగం అపూర్వంగా సాగింది. మొదటి భాగం మాత్రం చాలావరకు చెడింది. అందులో వాద్యకారుల తప్పు దాదాపు ఏమీ లేదు.

బృందం కూర్పు సంప్రదాయమైనదే: ఐదు శాక్సఫోన్లు, నాలుగు ట్రంపెట్లు, నాలుగు ట్రాంబోన్లు, వీటికి పియానో, గిటార్, డబుల్ బేస్, డ్రమ్స్ తోడై వెరసి 17 మంది. 1973లో మొదలైన ఊంబ్రియా జాజ్ ఉత్సవం పుణ్యమా అని ఈ ప్రాంతపు శ్రోతలకు జాజ్ పరాయి సంగీతం కాదు. ఒక వాద్యకారుడి సోలో ఎక్కడ ముగిసిందో, చప్పట్లు ఎప్పుడు కొట్టాలో ఎవరూ చెప్పనక్కరలేదు. అటువంటి శ్రోతల ముందు వాయించడం బృందానికి బలమూ, బాధ్యతా కూడా.

మొదటి భాగాన్ని 1930, 40 దశకాల ఇటాలియన్ స్వింగ్‌కు, అంటే ఊగే లయతో నడిచే నృత్యపు జాజ్‌కు, కేటాయించడం మంచి ఆలోచన. ఫాసిస్టు ప్రభుత్వం జాజ్‌ను విదేశీ సంగీతమని, నల్లజాతి వారి సంగీతమని ఈసడించిన రోజులవి. నతాలీనో ఒత్తో వంటి గాయకుడి పాటలకు ప్రభుత్వ రేడియోలో చోటే దొరకలేదు. అయినా అదే కాలంలో పిప్పో బార్జీజ్జా వంటి సంచాలకులు అదే రేడియో వాద్యబృందాల్లో స్వింగ్ లయను నిలబెట్టారు. ఆయన బృందంతో పాడిన త్రియో లెస్కానో అక్కచెల్లెళ్ళ తల్లి యూదు మహిళ. 1938లో జాతి చట్టాలు వచ్చిన దేశంలో ఆ ముగ్గురి గొంతులు ఇంటింటా మోగాయన్నది ఆలోచించదగిన విషయం. ఈ కచేరీ సంచాలకుడు ఈ చరిత్రను పాటకూ పాటకూ మధ్య రెండు మూడు వాక్యాల్లో చెప్పి వదిలేశాడు. ఆ మితం నాకు నచ్చింది.

గోర్నీ క్రామెర్‌ను తలచుకుంటూ వాయించిన అంశంలో గాలితిత్తిని సాగదీసి మూస్తూ వాయించే అకార్డియన్ కూడా ఒకటి వేదిక ఎక్కింది. క్రామెర్ (1913–1995) స్వతహాగా అకార్డియన్ విద్వాంసుడు. జానపద నృత్యాలకు అలవాటుపడిన ఆ వాద్యాన్ని జాజ్‌లోకి సునాయాసంగా తెచ్చినవాడు. ఊంబ్రియాకు పొరుగున ఉన్న మార్కే ప్రాంతంలోని కాస్తెల్‌ఫిదార్దో పట్టణం పందొమ్మిదో శతాబ్దం నుంచి అకార్డియన్ల తయారీకి పేరుపొందింది కనుక ఇక్కడి శ్రోతలకు ఆ ధ్వని సొంత ఇంటి ధ్వని. అకార్డియన్, ఆల్టో శాక్సఫోన్ నాలుగేసి బార్ల (తాళపు ఆవర్తాల) చొప్పున వంతులు వేసుకున్నప్పుడు, మృదంగం, ఘటం తని ఆవర్తనంలో ఒకదాని మాట ఒకటి అందుకున్నట్టే ఉండి నేను కుర్చీ అంచుకు జరిగాను.

ఇక చెడిన సంగతి. గుర్రపునాడా ఆకారంలో కట్టిన ఈ థియేటర్లను మైకులు లేని కాలంలో ఒపెరా కోసం కట్టారు. శ్రోతలు కూర్చునే మూడు నాలుగు అంతస్తుల చెక్క గదులు ధ్వనిని తమంతట తామే పంచుతాయి. అటువంటి చోట ట్రంపెట్లకూ ట్రాంబోన్లకూ ఒక్కొక్క మైకు పెట్టి, డ్రమ్స్‌కు మరిన్ని పెట్టి, అన్నింటినీ స్పీకర్లలోకి వదలవలసిన అవసరం ఏమిటో నాకు అర్థం కాలేదు. గాయని వేగంగా పాడిన మొదటి మూడు పాటల్లో మాటలు సగానికి సగం ఇత్తడి వాద్యాల హోరులో కలిసిపోయాయి. ఆమె గొంతు పెంచితే ధ్వని నియంత్రకుడు వాద్యాలనూ పెంచాడు. డ్రమ్స్ వాయించే యువకుడు గమనించి కర్రలు పక్కనపెట్టి బ్రష్‌లు అందుకున్నాడు. ఆ తెలివి శబ్దపు బల్ల దగ్గర కూర్చున్నవారికి కూడా ఉండవలసింది.

విరామం తరువాత ఎవరు చెప్పారో కానీ ఇత్తడి వాద్యాల మైకులు చాలావరకు ఆగిపోయాయి, అక్కడి నుంచి వేరే కచేరీ విన్నట్టయింది. అందులో శిఖరం «ఎస్తాతె». 1960లో బ్రూనో మార్తీనో స్వరపరచి, బ్రూనో బ్రిగెత్తి సాహిత్యం సమకూర్చిన ఈ పాట, చెదిరిన ప్రేమను గుర్తుచేసే వేసవిని ద్వేషించే మనిషి గొంతు. 1977లో బ్రెజిల్ గాయకుడు జొవావ్ జిల్బెర్తో పాడిన తరువాత ప్రపంచంలోని జాజ్ వాద్యకారులందరిదీ అయింది. ఇక్కడ శాక్సఫోన్ల వరుసలో ముగ్గురు తమ వాద్యాలను స్టాండ్లపై ఉంచి వేణువులు అందుకున్నారు. ట్రంపెట్ల మూతికి ధ్వనిని అణిచే హార్మన్ మ్యూట్లు బిగించారు. ట్రాంబోన్ల వారు వాద్యపు మూతిని ఎదుట ఉన్న నొటేషన్ స్టాండు వైపు దించి, ధ్వని నేరుగా శ్రోతల మీదికి రాకుండా కాగితాలకు తగిలి మెత్తబడేలా వాయించారు. గాయని ఒక పాదం చివరి అచ్చును పట్టి నిలిపిన చోట, ఆమె ఇంకా విడవకముందే, ట్రాంబోన్లు అదే స్థాయికి ఒక పిసరు కింద నుంచి మొదలై ఆమె స్వరాన్ని మోస్తూ పైకి వచ్చాయి. ఎవరి ధ్వని ఎక్కడ ఆగి ఎవరిది మొదలైందో విడదీయలేకపోయాను. సంచాలకుడి ఎడమ అరచేయి ఆ పాట అంతటా నేల వైపే ఉంది.

ఈ గాయని విద్య ఎక్కడ కనిపించిందంటే, ఇటాలియన్ మాటలతో స్వింగ్ చేయడంలో. తెలుగులాగే ఇటాలియన్‌లోనూ మాటలు ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి. రాగం సాగదీయడానికి అది వరమే కానీ, స్వింగ్‌కు కావలసిన తెగిన అంచు, అనుకోని చోట పడే దెబ్బ హల్లుతో ముగిసే ఇంగ్లీషు మాటల్లో తేలికగా వస్తాయి. అందుకే ఇటాలియన్ పాటల రచయితలు పాదాంతంలో చివరి అచ్చును తరచు లోపింపజేస్తారు. ఈమె అంతటితో ఆగక, మిగిలిన అచ్చులను కూడా తాళానికి వెనుకగా, క్షణకాలం ఆలస్యంగా వేసి, డబుల్ బేస్ నడక మీద వాలనిచ్చింది. మాట స్పష్టత ఎక్కడా చెడలేదు. ఇంగ్లీషు పాటలు కూడా రెండు పాడింది, బాగానే పాడింది, కానీ అవి ఎవరైనా పాడగలిగినవి.

వెళ్ళదలచినవారికి ఒక సూచన. ఇటువంటి థియేటర్‌లో బిగ్ బ్యాండ్ వినడానికి కింది అంతస్తు ముందు వరుసలు ఖరీదైనవే తప్ప మంచివి కావు, ఎందుకంటే ట్రంపెట్ల ధ్వని సూటిగా అక్కడికే వస్తుంది. వేదికకు ఎదురుగా రెండో అంతస్తు గదుల్లో కూర్చుంటే నాలుగు వరుసల వాద్యాలూ కలిసి ఒకటిగా వినిపిస్తాయి. పక్క గదుల నుంచి సగం వేదికే కనిపిస్తుంది. ప్రకటించిన సమయం రాత్రి 9 గంటలు. మొదలవడానికి మరికొంత సేపు పట్టింది కానీ, మొదలైన తరువాత ఒక్క నిమిషం వృథా కాలేదు. నిర్వాహకులు ఇచ్చిన కరపత్రంలో గాయని పేరు, సంచాలకుడి పేరు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి కానీ, ఎవరు ఏ సోలో వాయించారో ఎక్కడా లేదు. ఆ సోలోల్లో ఒకటి వాయించిన రెండో ట్రాంబోన్ వాద్యకారుడి పేరు తెలుసుకోవడానికి కచేరీ అయ్యాక వేదిక దగ్గరికి వెళ్ళి అడగవలసి వచ్చింది. అతని పేరు ఆ కాగితం మీద అచ్చులో ఉండి తీరవలసింది.