శాన్‌ఫ్రాన్సిస్కో జపనీస్ టీ గార్డెన్‌కు 40 నిమిషాలు చాలవు

శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో గోల్డెన్ గేట్ పార్కులో ఉన్న జపనీస్ టీ గార్డెన్‌కు ఒకే వారంలో రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి వెళ్ళడమే గానీ చూడడం జరగలేదు. ఫ్రీమాంట్‌లో ఉంటున్న మా అబ్బాయి తనకు సెలవు దొరకక మమ్మల్నిద్దరినీ ఒకరోజు నగర సందర్శన బస్సు ఎక్కించాడు. ఆ బస్సు నిర్వాహకుల పేరు ఇక్కడ అనవసరం గానీ, వారు ఈ తోటకు కేటాయించింది సరిగ్గా 40 నిమిషాలు. అందులో పావుగంట టిక్కెట్ల వరుసలోనే గడిచిపోయింది. వంతెన దగ్గర ఒక ఫొటో, పగోడా అనే అంతస్తుల బౌద్ధ గోపురం ముందు మరొకటి తీసుకుని ఎవరో తరుముతున్నట్టు బయటపడ్డాం. బస్సులో కూర్చున్నాక మా ఆవిడ, "ఏమండీ, ఇంత చిన్న తోటకి అంత టిక్కెట్టా?" అంది. ఆ పూటకి నా అభిప్రాయమూ అదే.

శుక్రవారం ఉదయం మాకు మేమే మళ్ళీ వెళ్ళాం. సోమ, బుధ, శుక్రవారాల్లో ఉదయం 10 గంటలలోపు లోపలికి వెళ్ళేవారికి ప్రవేశం ఉచితమని ఈలోగా తెలిసింది. బార్ట్ రైల్లో నగరంలోకి వచ్చి, అక్కడ ఎన్ జూడా రైలెక్కి, నైన్త్ అవెన్యూ దగ్గర దిగి పార్కులోకి నడిచాం. పొగమంచు ఇంకా విడలేదు. ఎండాకాలమే కదా అని స్వెట్టర్ తీసుకురానందుకు దారంతా మా ఆవిడ చేత మాటలు పడ్డాను.

వెయ్యి ఎకరాలు దాటిన ఆ పార్కులో ఈ తోట సుమారు 5 ఎకరాలు మాత్రమే. అయినా నిదానంగా నడిస్తే చిన్నదనిపించదు, ఎందుకంటే ఎక్కడ నిలబడినా తోట మొత్తం ఒక్కసారిగా కనబడదు. దారి ఒక బండరాయిని చుట్టి వంపు తిరిగితే గానీ కొలను కనబడదు, కొలను దాటితే గానీ దాని వెనుక వాలులో కత్తిరించి పెంచిన మరుగుజ్జు చెట్లు కనబడవు. హడావుడిగా నడిచేవారికి ఆ మలుపులన్నీ అడ్డంకులుగానే తోస్తాయి.

అందరూ ఫొటోలు తీసుకునే డోలు వంతెన నిజంగా అందమైనదే. దాని అర్ధచంద్రాకారం కింది నీటిలోని ప్రతిబింబంతో కలిసి నిండు వృత్తమవుతుంది. ఎక్కడం మాత్రం అనుకున్నంత తేలిక కాదు. అది వంతెన అనేకంటే వంచిపెట్టిన నిచ్చెన అంటే సరిపోతుంది. మెట్ల స్థానంలో అడ్డంగా బిగించిన చెక్కలుంటాయి. మంచుకు తడిసిన ఆ చెక్కల మీద నేను ఎక్కడమైతే ఎక్కాను గానీ, దిగేటప్పుడు వెనక్కి తిరిగి, రెండు చేతులా కటకటాలు పట్టుకుని, కింది చెక్క ఎక్కడుందో బొటనవేలితో తడుముకుంటూ దిగవలసి వచ్చింది. నా వెనకే వచ్చిన అయిదారేళ్ళ పిల్ల చకచకా దిగిపోయింది. మోకాళ్ళ నొప్పులున్నవారు కిందనుంచి చూసి ఆనందించడమే మేలు.

ఈ తోటను 1894లో ఇక్కడ జరిగిన మిడ్‌వింటర్ అంతర్జాతీయ ప్రదర్శన కోసం వేశారు. ప్రదర్శన ముగిశాక దీన్ని శాశ్వతమైన తోటగా పెంచి పోషించినవాడు మకోతో హగివారా అనే జపాన్ వలసదారు. ఆయన కుటుంబం ఈ తోటలోనే ఇల్లు కట్టుకుని నివసించింది. 1925లో ఆయన మరణించాక పిల్లలు ఆ పని కొనసాగించారు. అమెరికా జపాన్‌తో యుద్ధంలోకి దిగాక, 1942లో, పశ్చిమ తీరంలోని జపాన్ సంతతివారందరితో పాటు హగివారా కుటుంబాన్ని కూడా నిర్బంధ శిబిరాలకు తరలించారు. తోట పేరులోంచి జపాన్ మాటను తీసేసి ఓరియంటల్ టీ గార్డెన్ అన్నారు, కుటుంబం ఉన్న ఇంటిని పడగొట్టారు. పాత పేరు మళ్ళీ వచ్చింది 1952లో. ఆ కుటుంబం మాత్రం ఇక్కడ నివసించడానికి తిరిగి రాలేదు.

ఇల్లున్న చోట ఇప్పుడు చుట్టుపక్కల నేలకంటే పల్లంగా ఉన్న ఒక చిన్న తోట ఉంది. మొదటిసారి మేము దాన్ని దాటుకునే పోయాం, గమనించలేదు. ఈసారి సంగతి చెబితే మా ఆవిడ కాసేపు అక్కడే నిలబడి, "వంటిల్లు ఎటువైపు ఉండేదో" అంది. హగివారా కుటుంబం స్మారకంగా ఒక బండరాయికి అమర్చిన కంచు ఫలకం కూడా తోటలో ఉంది. దాన్ని రూపొందించిన శిల్పి రూత్ అసావా కూడా చిన్నతనంలో అలాంటి శిబిరాల్లో గడిపినావిడే.

నాకు అన్నిటికంటే నచ్చింది కంచు బుద్ధవిగ్రహం. 1790లో జపాన్‌లో పోతపోసిన ఈ విగ్రహాన్ని 1949లో ఇక్కడ ప్రతిష్ఠించారు. పైన కప్పు లేకుండా ఎండకూ వానకూ కూర్చున్న బుద్ధుడని దాని జపనీస్ పేరుకు అర్థం. ఆ ఉదయం మంచు నీరై విగ్రహం చేతివేళ్ళ చివర్న బొట్లుగా నిలిచింది. అయిదంతస్తుల పగోడా 1915 నాటి పనామా-పసిఫిక్ ప్రదర్శన నుంచి తెచ్చింది; దూరం నుంచే బాగుంటుంది. రాళ్ళూ గులకలతో 1953లో ఏర్పాటు చేసిన జెన్ తోట వైపు మేమున్నంతసేపూ ఎవరూ రాలేదు.

చివరగా టీ హౌస్. కొలనును చూస్తూ వేడి గ్రీన్ టీ తాగడానికి కూర్చోవాలే తప్ప, కడుపు నింపుకోవడానికి కాదు. ఈ టీలో పాలూ చక్కెరా ఉండవు. మన చాయ్ అలవాటున్న నాలుకకు మొదటి గుక్క చేదుగానే తగులుతుంది, మూడో గుక్కకు సర్దుకుంటుంది. జపాన్ వంటల్లో పులుసులకు ఎండుచేప రసం వాడడం మామూలు కనుక, శాకాహారులు నూడుల్స్ వంటివి అడిగి తెలుసుకుని తీసుకోవాలి. మడిచిన బిస్కెట్ లోపల జోస్యం చీటీ ఉండే ఫార్చ్యూన్ కుకీలను అమెరికాలో మొదట వడ్డించింది ఈ తోటలోనే, హగివారాయేనని చెబుతారు; ఆ ఘనత తమదేననే లాస్ ఏంజిలిస్ వారు ఒప్పుకోరనుకోండి.

పదిన్నరకల్లా గుంపులు మొదలయ్యాయి, వంతెన దగ్గర వరుస కట్టారు. మేము రెండు గంటలు ఉన్నాం, అంతసేపూ విసుగు కలగలేదు. డబ్బు పెట్టి చూడవచ్చా అంటే, కనీసం గంటన్నర తీరిక ఉన్నవారు నిస్సంకోచంగా చూడవచ్చు. బస్సు వారిచ్చిన 40 నిమిషాలే చేతిలో ఉంటే టిక్కెట్టు కొనకుండా, పక్కనే ఉన్న మ్యూజిక్ కాన్‌కోర్స్ అనే ఆరుబయలు ప్రాంగణంలో చెట్ల కింద బల్ల మీద కూర్చోండి.