సాల్వియా వేయాలా, పొద మొక్కలా: గోడ వార కాస్త మట్టికి ఏది మేలు?

హైదరాబాద్‌లో మా ఇంటి గేటు పక్కన గోడ వార మిగిలిన మట్టి మూడడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు, అంతే, మిగతాదంతా టైల్స్ పరిచేశారు. ఆ కాస్త జాగాలో ఏం పెంచాలన్న దాని మీద నాకూ మా అత్తయ్యకీ నాలుగేళ్లుగా వాదన నడుస్తోంది. నాకు సాల్వియా ఇష్టం. ఆవిడకి నూరువరహాలు, నందివర్ధనం లాంటి పొదలు కావాలి, ఎందుకంటే "దేవుడికీ పెట్టక, తల్లోనూ పెట్టుకోక, ఇంక అదేం పువ్వే?" అని ఆవిడ ప్రశ్న. రెండూ వేశాం. రెండిటితోనూ తిప్పలు పడ్డాం కాబట్టి చెప్పే హక్కు ఉందనుకుంటున్నా.

ముందు ఒక మాట, సాల్వియా అంటే ఒకటే మొక్క కాదు. చలికాలంలో నర్సరీల ముందు ఎర్రగా మంట పెట్టినట్టు వరసల్లో కనిపించేది బ్రెజిల్ నుంచి వచ్చిన రకం. సన్నటి నీలం కంకులు వేసేది మెక్సికో, టెక్సాస్ వైపుది. మన ఎండ దగ్గరికొచ్చేసరికి ఈ రెండిటికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. మా ఇంట్లో ఎర్రది మార్చి సగం దాటగానే, ఎంత నీళ్లు పోసినా, మధ్యాహ్నానికి ఆకులు వేలాడేస్తుంది. నీలంది మాత్రం, సాయంత్రం ఎండ పడని మూలన పెడితే ఏప్రిల్ దాకా లాగింది, సగానికి కత్తిరించి వదిలేస్తే తొలకరికి మళ్లీ చిగురేసింది కూడా. ఒక్కటే కొనాలంటే కళ్లు మూసుకుని నీలంది కొనండి.

ఎర్రదాంట్లో అందం లేదని కాదు. కంకిని దగ్గరగా పట్టుకుని చూడండి, మనం పువ్వనుకునేదాంట్లో సగం పువ్వే కాదు. గొట్టంలా బయటికి పొడుచుకొచ్చిన అసలు పువ్వు తొందరగానే రాలిపోతుంది, దాన్ని పట్టుకుని ఉన్న గిన్నెలాంటిది కూడా ఎరుపే కాబట్టి, అది ఇంకొన్నాళ్లు నిలబడి కంకి నిండుగా ఉన్నట్టే మనల్ని నమ్మిస్తుంది. కాడని వేళ్ల మధ్య తిప్పితే నాలుగు పలకలుగా తగులుతుంది, తులసి కాడ లాగే, రెండూ ఒకే కుటుంబం మరి. ఈ సంగతి గొప్పగా అత్తయ్యకి చెబితే "అయితే ఆ తులసేదో వేసుకోరాదూ" అన్నారు.

ఎర్రదానితో చాలామంది చేసే తప్పు, నేనూ చేసిందే, జనవరిలో నిండా పూసి ఉన్న కవర్లు కొనుక్కురావడం. అప్పటికే దాని వయసు సగం అయిపోయి ఉంటుంది, నెల తిరిగేసరికి చెత్తబుట్టలోకి. సెప్టెంబరు చివర్లో విత్తనం చల్లుకోవడమే దారి. విత్తనం మీద మట్టి కప్పొద్దు, దానికి వెలుతురు తగలాలి, ఊరికే అద్ది తడి ఆరకుండా చూస్తే పది పన్నెండు రోజుల్లో మొలకలొస్తాయి. మూడు నాలుగు జతల ఆకులొచ్చాక తల తుంచేయండి, ప్రాణం ఒప్పకపోయినా సరే, లేకపోతే ఒంటి కాడతో కర్రలా పెరుగుతుంది. డిసెంబరులో పూత మొదలవుతుంది, పొద్దున్నే తేనెపిట్టలు వస్తాయి, ఆ మూడు నెలలూ కాఫీ గేటు దగ్గరే.

ఇక పొదల సంగతి. నూరువరహాలు మన దక్షిణాది సొంత మొక్క కదా, దానికేం కష్టం అనుకుంటాం. మా పుట్టిల్లు కోనసీమ, అక్కడ దాన్ని పట్టించుకున్నవాళ్లే లేరు, గుత్తులు గుత్తులుగా పూసేది. ఇక్కడ బోరు నీళ్లు. బకెట్ అంచున తెల్లటి పొర కట్టే నీళ్లు పోస్తూ పోతే మట్టిలో సున్నం పెరిగి, ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు. కొత్త ఆకులు నిమ్మపండు రంగుకి తిరిగాయి, ఈనెలు మాత్రం పచ్చగా. ఎరువు చాల్లేదనుకుని నేను గుప్పెడు డీఏపీ, అంటే భాస్వరం ఎక్కువుండే ఎరువు, వేశాను, ఇంకా ముదిరింది, ఎందుకంటే భాస్వరం ఎక్కువైనా ఇనుము అందదట, ఆ ముక్క తర్వాత తెలిసింది. చీలేటెడ్ ఐరన్, అంటే మొక్క తేలిగ్గా తీసుకోగలిగే ఇనుము మందు, లీటరు నీళ్లకి గ్రాము చొప్పున ఆకుల మీద కొట్టి, వాన నీళ్లు డ్రమ్ముల్లో పట్టి పోశాక తేరుకుంది. అంత ఓపిక లేకపోతే బోరు నీళ్ల ఇళ్లలో దాని జోలికి పోవద్దు.

నందివర్ధనం అలా కాదు, ఏ నీళ్లు పోసినా పూస్తుంది, ఏడాది పొడుగునా పూజకి లోటుండదు. రేకదైనా ముద్దదైనా ఒకటే. కాకపోతే వదిలేస్తే గేటుని మింగేస్తుంది. వానాకాలంలో ఆకులు రాత్రికి రాత్రే మాయమైతే కొమ్మల కింద వెతకండి, వేలంత లావు పచ్చ గొంగళి, తోక దగ్గర చిన్న కొమ్ము, ముందువైపు నీలం కళ్లలాంటి రెండు మచ్చలు. మందులు అక్కర్లేదు, ఏరేస్తే చాలు. మందారానికి పిండినల్లి గొడవ, దాని గురించి చెప్పడం మొదలుపెడితే తెల్లారుతుంది. గన్నేరు విషం, పసిపిల్లలున్న ఇంట్లో అసలు వద్దు.

డాలస్‌లో ఉన్న మా ఆడపడుచుకి ఈ లెక్కంతా తలకిందులు. నీలం సాల్వియా వాళ్లకి నేలలోనే ఏళ్ల తరబడి ఉండే మొక్క, పాపం నూరువరహాల కుండీనేమో మంచు పడే రోజుల్లో హాల్లోకి మోసుకుపోవాలి.

మీది అద్దె ఇల్లయితే, కుండీలే దిక్కయితే, సాల్వియానే. చలికాలం ముగిసేసరికి లెక్క తీరిపోతుంది. సొంత మట్టి ఉంటే మాత్రం పొదలకే నా ఓటు, అత్తయ్య ముందు ఒప్పుకోను గానీ. మొదటి ఏడాది గడిస్తే ఎండాకాలంలో కూడా మూడు రోజులకోసారి నీళ్లు సరిపోతున్నాయి, సాల్వియా కుండీలకి రోజూ పోయాలి, ఊరెళ్తే టెన్షన్. పోయినేడు నూరువరహాలు తీసి పక్కింటివాళ్లకిచ్చేసి ఒక నందివర్ధనం, రెండు డిసెంబరు పూల మొక్కలు పెట్టాం. డిసెంబరు పువ్వుది ఇంచుమించు నా నీలం సాల్వియా రంగే, అదే రోజుల్లో పూస్తుంది, పైగా మాల కట్టుకోవచ్చు. మిగతా తొమ్మిది పది నెలలు ఉత్త ఆకులే అనుకోండి. గేటుకి అటూ ఇటూ రెండు కుండీలు మాత్రం నావి, వాటిలో సెప్టెంబరు చివరికల్లా విత్తనం పడాలి.