నాలుగు బర్నర్ల హాబ్: మంట బాగుంది, బొమ్మలే నిలవలేదు

హాబ్ అంటే వంటగట్టులో బిగించే గ్లాసు పైభాగం ఉన్న గ్యాస్ స్టవ్. దాని మంట, గ్లాసు, ఆటో ఇగ్నిషన్ గురించి అందరూ రాసేశారు. కొన్నేళ్లుగా రోజూ వాడుతున్నాక నాకు రాయాలనిపించింది నాబ్‌ల పక్కనుండే చిన్న బొమ్మల గురించి.

మా హాబ్‌లో బర్నర్లు ముందు రెండు, వెనక రెండు. నాబ్‌లేమో ఒకే వరసలో నాలుగు. వరసలో మొదటిది ముందు బర్నర్‌దా, వెనకదా? ఊరికే చూస్తే తెలియదు. అందుకని ప్రతి నాబ్ దగ్గరా నాలుగు చుక్కల బొమ్మ వేశారు. అందులో ఏ చుక్క నిండుగా ఉంటే ఆ బర్నర్ అన్నమాట. ఒక్క అక్షరం లేదు. మా ఇంట్లో సాయానికి వచ్చే ఆవిడకి చదువు రాదు, అయినా మొదటిరోజే ఎవరూ చెప్పకుండా వెలిగించేసింది. అప్పట్లో నేను తెగ మెచ్చుకుని చుట్టాలకు కూడా ఇదే కొనమన్నాను.

ఆ బొమ్మల్ని గ్లాసు పైన అచ్చు వేశారు. నూనె జిడ్డూ పసుపు మరకలూ రోజూ పీచుతో తోమక తప్పదు కదా! ఎక్కువ వాడే ముందు ఎడమ బర్నర్ బొమ్మ మొదట చెరిగింది, తర్వాత దాని పక్కది. నాకు చేతికి అలవాటే కాబట్టి ఇబ్బంది తెలియలేదు.

సంక్రాంతికి అత్తయ్య వచ్చారు. ముందు మూకుట్లో అరిసెలు వేగుతున్నాయి, వెనక పాలు. పాలు పొంగుకొస్తుంటే ఆవిడ చటుక్కున నాబ్ కట్టేశారు. ఆరింది అరిసెల కింద మంట! పాలు పొంగి బర్నర్లోకి పోయి అదీ ఆరిపోయింది. మంట ఆరితే గ్యాస్ దానంతటదే ఆగే ఏర్పాటుంది కాబట్టి సరిపోయింది. ఈలోగా మూకుడు చల్లబడి ఆ వాయి అరిసెలు నూనె పీల్చేశాయి.

"ఏది దేనిదో గుర్తు లేకుండా ఎలా అమ్మారే అమ్మాయ్ వీళ్లు?" అన్నారు అత్తయ్య.

మళ్లీ వెలిగించడానికి ఇంకో తంటా. మంట వచ్చాక కూడా నాబ్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. పక్కన నిప్పురవ్వ బొమ్మ ఉంది గానీ, నొక్కి ఉంచమని చెప్పే బొమ్మ మొదటినుంచీ లేదు. ఆవిడ వదిలేయడం, అది ఆరిపోవడం.

1959లోనే అమెరికాలో చపానిస్, లిండెన్‌బామ్ అనే ఇద్దరు ఈ నాబ్‌ల అమరిక మీద ప్రయోగం చేశారు. వెనక బర్నర్లను కాస్త పక్కకు జరిపి, ఎడమ నుంచి కుడికి నాబ్‌ల వరసలోనే కనిపించేలా పెడితే ఒక్కరూ తప్పు తిప్పలేదట. మన మామూలు మూడు బర్నర్ల స్టవ్ దాదాపు అంతే, మధ్య నాబ్ వెనకనున్న మధ్య బర్నర్‌ది. దాని మీద బొమ్మ చెరిగినా నష్టం లేదు.

సర్వీసు కుర్రాడు పై గ్లాసు మొత్తం మార్చాలన్నాడు. ధర విని ఊరుకున్నాం. మా అబ్బాయి స్టిక్కర్లు అంటించాడు గానీ వేడికి అంచులు లేస్తున్నాయి.

మంట విషయంలో నాకే ఫిర్యాదూ లేదు. మా ఇంట్లోలా మామూలు రోజుల్లో ఒక్కరే వండుకునేట్టయితే తీసుకోవచ్చు. పదిమంది చేతులు పడే వంటిల్లయితే మాత్రం అచ్చు గ్లాసు అడుగువైపున ఉన్నది దొరుకుతుందేమో అడగండి. షాపులో బొమ్మ మీద గోటితో గీరి చూడండి, అమ్మేవాడు ఏమనుకున్నా సరే.