పర్సనల్ లీడర్‌షిప్ ప్రొఫెసర్ కావాలంటే పీహెచ్‌డీ మేలా, కంపెనీ అనుభవం మేలా?

"బిజినెస్ స్కూల్లో పర్సనల్ లీడర్‌షిప్ (ముందు తనను తాను తెలుసుకుని, తన జీవితాన్ని తానే నడిపించుకోవడం) చెప్పాలని ఉంది. ఇప్పుడే పీహెచ్‌డీలో చేరనా, ఇంకో పదేళ్లు కంపెనీలో పైకి ఎదిగి అప్పుడు రానా?" అని చాలామంది అడుగుతున్నారు. అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నాను.

రెండు దారుల్లోనూ రాణించినవాళ్లు ఉన్నారు. స్టూ ఫ్రీడ్‌మన్‌ది పరిశోధన దారి. 1984లో అమెరికాలోని వార్టన్ బిజినెస్ స్కూల్లో చేరి, 1991లో అక్కడి లీడర్‌షిప్ ప్రోగ్రామ్ మొదలుపెట్టారు. మధ్యలో కొంతకాలం ఫోర్డ్ కంపెనీలో నాయకత్వ శిక్షణ చూసుకుని మళ్లీ క్లాసుకే వచ్చారు. బిల్ జార్జ్ కంపెనీ వైపు నుంచి వచ్చినవారు. 1991 నుంచి 2001 దాకా వైద్య పరికరాల కంపెనీ మెడ్‌ట్రానిక్‌కు సీఈఓగా చేసి, 2004లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో ప్రొఫెసర్‌గా అడుగుపెట్టారు.

జీతం, హోదా, పీహెచ్‌డీకి పట్టే ఏళ్లు... ఇవన్నీ మీరు ఈపాటికే లెక్క వేసుకుని ఉంటారు. నా దృష్టిలో తేల్చేది ఇంకొకటి: విద్యార్థికి నచ్చని మాట చెప్పే స్వేచ్ఛ మీకు ఎంత ఉంటుంది?

ఫ్రీడ్‌మన్ చేయించిన అభ్యాసం ఒకటి చూడండి. పని, ఇల్లు, సమాజం, తాను... ఈ నాలుగింటికీ నూరు పాయింట్లు పంచాలి. ముందు దేనికెంత ప్రాధాన్యమో రాయాలి, పక్కనే నిజంగా దేని మీద ఎంత ధ్యాస పెడుతున్నారో రాయాలి. ఇంటికి 40 వేసిన అబ్బాయి పక్క గడిలో 10 వేశాడనుకోండి. "కెరీర్ కుదురుకున్నాక చూసుకుంటాను సార్" అంటాడు. సరేనని తలూపి ముందుకు పోవచ్చు. లేదా "ఈ నెల ఏ పని తగ్గిస్తావు? ఇంట్లో ఎవరితో కూర్చుని మాట్లాడతావు?" అని నిలదీయొచ్చు. అసలు పాఠం ఆ నిలదీయడంలోనే ఉంది. కానీ అది చాలామందికి రుచించదు, టర్మ్ చివర ఫీడ్‌బ్యాక్‌లో అది కనబడుతుంది.

కంపెనీ నుంచి వచ్చినవారిని ఎక్కువగా కాంట్రాక్టు మీదే తీసుకుంటారు. దాన్ని పొడిగించాలా వద్దా అన్నప్పుడు ముందు చూసేది ఆ ఫీడ్‌బ్యాకే. ఇంటి ఖర్చంతా ఆ కాంట్రాక్టు మీదే ఉంటే, ఎంత నిజాయితీపరుడికైనా నోరు కాస్త వెనక్కి తగ్గుతుంది. టెన్యూర్, అంటే శాశ్వత ఉద్యోగ భద్రత, వచ్చిన ప్రొఫెసర్‌కు ఆ టెన్షన్ లేదు. ఆ టెన్యూర్ పీహెచ్‌డీ, పరిశోధన దారిలో వచ్చేది. అందుకే నా మొగ్గు పీహెచ్‌డీ వైపు.

దానికి కట్టాల్సిన మూల్యం తక్కువేమీ కాదు. టెన్యూర్ వచ్చేదాకా, అంటే మామూలుగా ఆరేడేళ్లు, పరిశోధన పత్రికల్లో (జర్నళ్లలో) పేపర్లు అచ్చువేయించడమే లోకం. ఆత్మపరిశీలన మీద కోర్సు ఎంత బాగా చెప్పినా అక్కడ పెద్దగా లెక్కలోకి రాదు. ఆ ఏళ్లలో కొందరు అసలు దేనికోసం వచ్చారో మరిచిపోతారు కూడా. అందుకే మొదటి ఏడాది నుంచే ఒక చిన్న బృందానికైనా ఈ పాఠం చెబుతూ ఉండండి.

కెరీర్ పూర్తి చేసుకుని వచ్చేవారి సంగతి వేరు. బిల్ జార్జ్‌కు ఫీడ్‌బ్యాక్ భయమేముంది? పైగా ఆయన కోర్సులో విద్యార్థులు చిన్న చిన్న గుంపులుగా కూర్చుని తమ కష్టకాలం గురించి చెప్పుకునేవారు. చదువుకునే రోజుల్లో తాను ఎన్నికల్లో వరసగా ఓడిపోయిన సంగతి ఆయనే చెబుతుంటే, మిగతావాళ్లకూ మనసు విప్పే ధైర్యం వచ్చేది. ఆ బలం జర్నల్ పేపర్లతో రాదు.

సొంతంగా ట్రైనింగులు ఇవ్వడం, ఆన్‌లైన్ కోర్సులు పెట్టడం కూడా దారులే. డబ్బు బాగానే రావచ్చు. కానీ రెండు రోజుల వర్క్‌షాపులో ఎవరినీ టర్మ్ పొడుగునా గమనించలేరు. ప్రొఫెసర్ కావాలన్న కోరిక వాటితో తీరదు.

ముప్పై అయిదు లోపువారికి నేను పీహెచ్‌డీయే చెబుతాను. యాభై దాటి, డబ్బు చింత లేనివారు నేరుగా రావచ్చు. చిక్కంతా మధ్యలో ఉన్నవారికే. వాళ్లు ఉద్యోగం వదలకుండా విజిటింగ్ ఫ్యాకల్టీగా ఒక కోర్సు చెప్పి చూడటం మంచిది. కాంట్రాక్టు చేతికొస్తే, సంతకం పెట్టేముందు డీన్‌ను రెండే అడగండి: పొడిగింపు ఎన్నేళ్లకోసారి, అందులో విద్యార్థుల ఫీడ్‌బ్యాక్‌కు ఎంత బరువు?