వేళ మార్చాలా, ఊరు మార్చాలా, నెల మార్చాలా?

2019 సెప్టెంబర్ 27న ఖతార్ రాజధాని దోహాలో జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో ఆడవాళ్ల మారథాన్ రాత్రి 11 గంటల 59 నిమిషాలకి మొదలైంది. ఎండ తగలకూడదని అర్ధరాత్రి పెట్టారు. ఎండైతే తగల్లేదు గానీ ఆ వేళకి కూడా వేడి 32 డిగ్రీల పైనే ఉంది, గాలిలో తేమ 70 శాతం దాటింది. పరుగు మొదలుపెట్టిన 68 మందిలో 28 మంది మధ్యలోనే ఆగిపోయారు. కొందరిని చక్రాల కుర్చీల్లో, స్ట్రెచర్ల మీద తీసుకెళ్లారు. గెలిచినామెకి పట్టిన సమయం 2 గంటల 32 నిమిషాల 43 సెకన్లు. ఆ పోటీల చరిత్రలో ఆడవాళ్ల మారథాన్‌ని అంత నెమ్మదిగా గెలిచినవాళ్లు అంతకుముందు లేరు.

వేడి ఊళ్లో పెద్ద పోటీలు పెట్టాల్సి వస్తే నిర్వాహకులకి నాలుగు దారులున్నాయి. పోటీ వేళ మార్చొచ్చు. స్టేడియానికి పైకప్పు వేసి ఏసీ పెట్టొచ్చు. తట్టుకోలేని ఆటని మాత్రం చల్లటి ఊరికి పంపొచ్చు. లేదా మొత్తం పోటీల నెలే మార్చొచ్చు. నాలుగూ ఎక్కడో ఒకచోట చేసి చూసినవే కాబట్టి ఊహలతో పనిలేదు.

వేళ మార్చడం అన్నిటికన్నా చవక. పొడి వేడికి అది బాగానే పనిచేస్తుంది. ఉక్కపోతకి మాత్రం చేయదు. పరిగెత్తేవాళ్లకి చెమట పడితే చాలదు, ఆ చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలి నిండా తేమ ఉంటే చెమట కారుతూ ఉంటుందే తప్ప ఆరదు. పొద్దుగూకితే ఎండ పోతుంది, తేమ శాతం మాత్రం ఇంకా పెరుగుతుంది. అందుకే ఆటల్లో వేడిని అంచనా వేసేవాళ్లు మామూలు థర్మామీటర్‌తో సరిపెట్టుకోకుండా డబ్ల్యూబీజీటీ అనే కొలత వాడతారు. అందులో 70 శాతం వాటా తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్‌ది, 20 శాతం ఎండలో పెట్టిన నల్ల గోళం లోపలి థర్మామీటర్‌ది. మామూలు గాలి వేడికి మిగిలేది 10 శాతమే.

ఇది ఎంత నిజమో దోహాలోనే తేలింది. వారం తర్వాత, అక్టోబర్ 5న, అదే రోడ్డు మీద అదే అర్ధరాత్రి మగవాళ్ల మారథాన్ జరిగింది. ఈసారి వేడి 29 డిగ్రీలు, తేమ 50 శాతం దగ్గరికి దిగింది. 73 మందిలో 55 మంది పూర్తి చేశారు. గడియారంలో వేళ ఒక్కటే, మారింది గాలి.

పైగా వేళ ఎప్పుడూ ఆటగాళ్ల చేతిలో ఉండదు. 1994 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్‌ని కాలిఫోర్నియాలోని పసడీనాలో, జూలై నడినెత్తి ఎండలో, మధ్యాహ్నం 12:30కి మొదలుపెట్టారు. అప్పటికి యూరప్‌లో రాత్రి, జనం టీవీల ముందు కూర్చునే వేళ. బ్రెజిల్, ఇటలీ 120 నిమిషాలు ఆడినా ఒక్క గోల్ పడలేదు. దానికి ఎండే కారణమని నేను అనను గానీ, కాదని ప్రమాణం కూడా చేయను.

పైకప్పు, ఏసీ సంగతి త్వరగా తేల్చేయొచ్చు. డబ్బుంటే, ఆట నాలుగు గోడల మధ్య జరిగేదైతే, దీన్ని మించింది లేదు. 2026 ఫుట్‌బాల్ ప్రపంచకప్ వేదికల్లో డల్లాస్, హ్యూస్టన్, అట్లాంటా స్టేడియాలకి ఆ సౌకర్యం ఉంది. అదే ప్రపంచకప్‌కి ఎంపికైన మయామీలో మైదానం మీద ఆకాశమే కప్పు. అంటే ఏ ఊళ్లో మ్యాచ్ పడిందన్న దాన్ని బట్టి ఒక జట్టు ఏసీలో, ఇంకో జట్టు ఆవిరిలో ఆడాల్సి వస్తుంది. మెల్‌బోర్న్‌లో జనవరి ఎండల్లో జరిగే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లోనూ ఇదే తేడా. అక్కడ 2019 నుంచి వేడికి 1 నుంచి 5 దాకా కొలమానం పెట్టారు, 5కి చేరితే ఆట ఆపేస్తారు. కానీ కప్పున్న మూడు పెద్ద కోర్టుల్లో కప్పు మూసి ఆట కొనసాగిస్తారు, బయటి కోర్టుల్లో చిన్న ర్యాంకుల వాళ్లు ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఇక 42 కిలోమీటర్ల రోడ్డుకి కప్పు ఎవరూ వేయలేరు.

ఊరు మార్చడం కథ టోక్యోది. 2020 ఒలింపిక్స్ కోసం పంపిన ప్రతిపాదనలో, ఆ రోజుల్లో వాతావరణం ఆహ్లాదంగా ఉంటుందని, క్రీడాకారులకి అనువైనదని రాశారు. టోక్యో జూలై, ఆగస్టు ఉక్కపోత ఒక్కసారి చూసినవాళ్లకి ఆ వాక్యం చదివితే నవ్వాగదు. తర్వాత మారథాన్ వేళని ముందుకి జరిపారు, రోడ్లకి వేడిని వెనక్కి కొట్టే పూత పూశారు. ఇంతలో దోహా దృశ్యాలు ప్రపంచమంతా చూసింది. ఆ పోటీలు ముగిసిన పది రోజులకే, 2019 అక్టోబర్ 16న, మారథాన్‌నీ నడక పోటీలనీ దాదాపు 800 కిలోమీటర్ల ఉత్తరాన ఉన్న సప్పోరోకి మార్చాలని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ప్రకటించింది. టోక్యో గవర్నర్ యురికో కోయికే తమ ఒప్పుకోలు లేని నిర్ణయమని బాహాటంగానే అన్నారు, కానీ అడ్డుపడలేదు.

ఫలితం? పోటీలు ఏడాది ఆలస్యంగా 2021లో జరిగాయి. సప్పోరోలో కూడా వేడి వదల్లేదు. ఆడవాళ్ల మారథాన్‌ని ముందురోజు సాయంత్రం హడావిడిగా గంట ముందుకి జరిపి ఉదయం 6కి పెట్టారు. పడుకోబోతున్న క్రీడాకారిణులకి అదొక టెన్షన్. మగవాళ్ల మారథాన్‌లో 106 మంది మొదలుపెడితే 30 మంది ఆగిపోయారు. దోహాలో మగవాళ్లు ఆగిపోయిన నిష్పత్తి కన్నా ఇది కాస్త ఎక్కువే. అయినా సప్పోరో నిర్ణయం తప్పని నేననుకోను. అదే వారాల్లో టోక్యోలో టెన్నిస్ ఆడుతూ డానియల్ మెద్వెదేవ్, నేను చచ్చిపోతే బాధ్యత ఎవరిదని అంపైర్‌ని అడిగాడు. మర్నాటి నుంచి మ్యాచ్‌లు మధ్యాహ్నం 3కి గానీ మొదలుపెట్టలేదు. ఆ ఉక్కలో రెండు గంటలకి పైగా రోడ్డు మీద పరిగెత్తడాన్ని ఊహించుకోండి. కానీ సప్పోరోది చివరి నిమిషంలో దిద్దుకున్న పొరపాటు. మొదట్లోనే చేయాల్సింది నెల మార్చడం.

ఆ పని టోక్యోకి తెలియనిది కాదు. 1964లో ఇదే ఊరు ఒలింపిక్స్‌ని అక్టోబర్ 10న మొదలుపెట్టి 24న ముగించింది. 1968లో మెక్సికో సిటీ కూడా అక్టోబరే. సియోల్ 1988లో, సిడ్నీ 2000లో సెప్టెంబర్ మధ్యలో మొదలుపెట్టాయి. మరి 2020కి ఏమొచ్చింది? పోటీలు జూలై 15కీ ఆగస్టు 31కీ మధ్యనే ఉండాలని కమిటీ ముందే గిరి గీసింది. సెప్టెంబర్ వస్తే అమెరికాలో వాళ్ల ఫుట్‌బాల్ సీజన్ మొదలవుతుంది, యూరప్‌లో సాకర్ లీగులు జోరందుకుంటాయి. అమెరికా ప్రసార హక్కుల కోసం ఎన్‌బీసీ సంస్థ 2021 నుంచి 2032 వరకు ఒప్పుకున్న మొత్తం 765 కోట్ల డాలర్లు. అంత ఇచ్చేవాళ్లు ఖాళీగా ఉండే నెలలే కావాలంటారు.

దోహా 2016 ఒలింపిక్స్‌ని అక్టోబర్‌లో పెడతానంది. ఎంపికలో తుది జాబితాకే రాలేదు. అదే దేశానికి ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఇచ్చాక మాత్రం ఫీఫా వెనక్కి తగ్గక తప్పలేదు. జూన్, జూలై అనుకున్నది కాస్తా 2022 నవంబర్ 20 నుంచి డిసెంబర్ 18కి మారింది. యూరప్ లీగులు సీజన్ మధ్యలో ఆగి దారిచ్చాయి. గొడవ చాలా జరిగింది, కానీ ఎనిమిది స్టేడియాల్లో ఏడింటికి బిగించిన కూలింగ్ మీదే ఆధారపడాల్సిన అవసరం రాలేదు. ఆటగాళ్లతోపాటు గేటు బయట నిలబడ్డ వలంటీరుకీ ప్రేక్షకుడికీ చల్లగాలి దొరికింది. వాళ్లకి కూడా మేలు చేసే దారి ఈ నాలుగింటిలో ఇదొక్కటే.

కాబట్టి నా ఓటు నెలకే. అది కుదరనప్పుడు, రోడ్డు మీద జరిగే దూరపు పోటీలకి వేరే ఊరు చూడాలి, అదీ చివరి నిమిషంలో కాదు, ఎంపిక చేసే రోజునే. టెన్నిస్, ఫుట్‌బాల్‌కి కప్పు. వేళ మార్చడాన్ని ఈ మూడింటికి తోడుగా వాడుకోవాలే గానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు. నెల మార్చినా వేళతో పని పూర్తిగా తీరదు మరి: టోక్యోలోనే 2025 ప్రపంచ అథ్లెటిక్స్ సెప్టెంబర్ మధ్యలో జరిగినా, మారథాన్లని అరగంట ముందుకి జరిపి ఉదయం ఏడున్నరకి మొదలుపెట్టారు.

నెల కదపకుండానే చల్లదనం దొరికే దారి కూడా ఒకటుంది. భూమధ్యరేఖ దాటి దక్షిణానికి వెళ్లడం. 2032 ఒలింపిక్స్ బ్రిస్బేన్‌లో జూలై 23న మొదలై ఆగస్టు 8న ముగుస్తాయి. టీవీవాళ్లు అడిగిన నెలలే. అక్కడ అప్పుడు చలికాలం.