హైదరాబాద్ కేపీహెచ్‌బీలో మా వీధి కర్రీ పాయింట్: నాలుగు నెలలు తిని, తూచి చూసి రాస్తున్న రివ్యూ

ముందే చెప్తున్నా, కొంచెం పెద్ద రివ్యూ ఇది. మా వీధి చివర కర్రీ పాయింట్‌లో నాలుగు నెలల నుంచి రెండు పూటలా కూరలు తెచ్చుకుని తింటున్నా, జిమ్ చేస్తూ బరువు పెరగాలని. కర్రీ పాయింట్ తిండితో కండ పట్టదని రూమ్‌లో అందరూ అన్నారు, జిమ్‌లో కోచ్ కూడా అదే మాట. పడుతుంది. కాకపోతే ఏ కూర కొనాలి, ఏది వదిలెయ్యాలి అన్నది తెలియాలి, నాకు అది తెలియడానికి నెల పట్టింది, మీకు ఆ నెల మిగులుతుందని రాస్తున్నా. కొట్టు పేరు రాయట్లేదు, ఎందుకంటే కూకట్‌పల్లిలోనే కాదు, అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ ఎక్కడున్నా మీ వీధిలో ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది, లెక్క అన్నిటికీ ఒకటే.

నాది బాచుపల్లి వైపు ఒక ఫార్మా ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ. ఏ షిఫ్ట్ పొద్దున ఆరు నుంచి రెండు, బీ షిఫ్ట్ రెండు నుంచి రాత్రి పది, సీ షిఫ్ట్ రాత్రంతా. వారం వారం మారుతుంది. కంపెనీ బస్ టైమ్ కలుపుకుంటే పదిగంటలు దానికే పోతాయి, మిగిలిన టైమ్‌లో జిమ్, నిద్ర, బట్టలు, ఊరికి ఫోన్లు. అయిదు అడుగుల ఎనిమిది అంగుళాల ఎత్తు, మొదలుపెట్టినప్పుడు 58 కిలోలు. మొదట్లో నెలవారీ ప్రోటీన్ మీల్ బాక్స్ ఒకటి కట్టించుకున్నా, పూటకి 240 రూపాయలు, రెండు పూటలా అంటే నెలకి పద్నాలుగు వేలు దాటుతుంది, పైగా సీ షిఫ్ట్‌లో పడుకుని ఉన్నప్పుడు డెలివరీ అబ్బాయి ఫోన్ చేసి నిద్ర లేపేవాడు, ఆ చప్పటి బ్రౌన్ రైస్, బ్రోకలీ తొమ్మిదో రోజుకే గొంతు దిగలేదు. సొంతంగా అన్నీ వండుకుందామంటే అన్నం కుక్కర్ పెట్టడం వరకే ఓపిక ఉంటుంది. అలా కర్రీ పాయింట్‌కి వచ్చా.

ఎంత తినాలి అన్నది ముందు తేల్చుకున్నా. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మామూలు మనిషికి రోజుకి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రోటీన్, అంటే నాకు 48 గ్రాములు. బరువులు ఎత్తేవాళ్ళకి అది చాలదు, 49 ప్రయోగాల ఫలితాలు కలిపి చూసి 2018లో వేసిన లెక్కలో కిలోకి సుమారు 1.6 గ్రాముల దాకా ఉపయోగం కనిపించింది, ఆ తర్వాత ఇంకా తిన్నా పెద్దగా కలిసొచ్చేది లేదు. ఆ లెక్కన నాకు 93. కోచ్ అయితే ఏకంగా డబ్బా కొనమన్నాడు, కానీ అదే తార్నాక సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కండ కోసం ప్రోటీన్ పౌడర్లు వాడొద్దనే చెప్పింది, మంచి తిండితోనే సరిపోతుందంది. నాకూ అదే నచ్చింది. కాబట్టి ప్రశ్న ఒక్కటే, ఈ కర్రీ పాయింట్ కవర్లలో నాకు 93 గ్రాములు దొరుకుతాయా.

చిన్న కిచెన్ కాటా కొన్నా, రెండు వారాలు ప్రతి కవరూ తూచా.

పప్పుతో మొదలుపెడతా, ఎందుకంటే అందరం మోసపోయేది అక్కడే. కవర్ 250 గ్రాములు తూగింది, ధర 30. చూడ్డానికి గిన్నె నిండా వస్తుంది, ఆహా ప్రోటీన్ అనుకుంటాం. కానీ అందులో అసలు కందిపప్పు ఎంతుందో తూచి చెప్పలేం కదా, అందుకని కొట్టు అక్కనే అడిగా. వాళ్ళది తాడేపల్లిగూడెం దగ్గర ఊరట, దాపరికం లేకుండా చెప్పింది, "రెండు కిలోల కందిపప్పు వేస్తాను బాబూ, నలభై అయిదు కవర్లు వస్తాయి, ఒకళ్ళు జారుగా చెయ్యమంటారు, ఒకళ్ళు గట్టిగా చెయ్యమంటారు, ఎవరికని చెయ్యను" అంది. రెండు కిలోలని నలభై అయిదుతో భాగిస్తే కవర్‌కి 44 గ్రాముల పప్పు, పచ్చి కందిపప్పులో నూటికి 22 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది కాబట్టి కవర్ మొత్తం తిన్నా వచ్చేది పది గ్రాముల లోపే. ఇద్దరు రూమ్మేట్లు పంచుకుని తింటే అయిదు. అది చెడ్డ లెక్కేం కాదు, ముప్పై రూపాయలకి పది గ్రాములు, పైగా ప్రోటీన్ తయారయ్యే ముక్కల్లో (అమైనో ఆమ్లాలు) అన్నంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువయ్యే మెథియొనిన్ అన్నంలో ఉంటుంది, రెండూ తింటే ఒకదాని లోటు ఇంకోటి తీరుస్తుంది, మన పప్పన్నం ఊరికే పుట్టలేదు. కానీ పప్పు ఒక్కటీ తిని ప్రోటీన్ అయిపోయిందనుకోవద్దు. సాంబార్ అయితే మరీ, కిలో పప్పుకి అరవై కవర్లంట, కవర్‌కి నాలుగు గ్రాములు కూడా రాదు. రుచికి తినండి, లెక్కలోకి తీసుకోకండి.

గుడ్డు పులుసు ఈ కొట్టులో బెస్ట్ ఐటెమ్. 50 రూపాయలకి రెండు గుడ్లు, అంటే పన్నెండు గ్రాములు, అందులో అటూ ఇటూ ఉండదు, గుడ్డు గుడ్డే, నీళ్ళు కలిపి పెంచలేరు. చింతపండు పులుసు కొంచెం తియ్యగా గోదావరి పద్ధతిలో ఉంటుంది, నాకు మొదట్లో అలవాటు కాలేదు గానీ ఇప్పుడు అది లేకపోతే భోజనంలా ఉండదు.

చికెన్ కూర 90 రూపాయలు, కవర్ 220 గ్రాములు. ముక్కలు వేరు చేసి, తిన్నాక ఎముకలు తూస్తే తేలింది ఏంటంటే గ్రేవీ 80, ఎముకలు 45, మాంసం 95 గ్రాములు. వండిన చికెన్ మాంసంలో నూటికి పాతిక గ్రాముల పైనే ప్రోటీన్ ఉంటుంది కాబట్టి కవర్‌కి దాదాపు పాతిక. ఒక పూటకి సరిగ్గా సరిపోయే లెక్క. చికెన్ ఫ్రై జోలికి మాత్రం వెళ్ళకండి, 120 రూపాయలు, మాంసం ఇంకా తక్కువ, కరివేపాకు, జీడిపప్పు, నూనె.

ఇక మీల్ మేకర్ కూర. దీన్ని ఎవరూ పట్టించుకోరు, మధ్యాహ్నం మూడింటికి వెళ్ళినా ట్రేలో మిగిలే ఉంటుంది. ఎండు మీల్ మేకర్లో నూటికి 52 గ్రాముల ప్రోటీన్, వెజ్‌లో అంతకంటే గట్టిది ఈ కొట్టులో లేదు. అరకిలో ప్యాకెట్‌కి పాతిక కవర్లు చేస్తారంట, అంటే కవర్‌కి 20 గ్రాముల ఎండు ముక్కలు, పది గ్రాముల ప్రోటీన్, ధర 40. రెండు కవర్లు కలుపుకుంటే చికెన్ కవర్‌కి దగ్గరగా వస్తుంది. శనివారం నాన్‌వెజ్ తినని వాళ్ళకి ఇదే దారి, నేనూ శనివారాలు ఇదే తింటా. గురువారం కొమ్ము శనగల కూర చేస్తారు, అది కూడా బాగుంటుంది, కొట్టు తెరిచిన కాసేపటికే అయిపోతుంది. ఆలుగడ్డ వేపుడు, దొండకాయ, బీరకాయ ఇవన్నీ ఒంటికి మంచివే, వారంలో మూడు సార్లైనా ఏదో ఒక కూరగాయ తీసుకుంటా, కానీ ప్రోటీన్ లెక్కకి కాదు.

ఇప్పుడు ఏ షిఫ్ట్ రోజు నా తిండి ఇలా ఉంటుంది. పొద్దున అయిదింటికి గ్లాసున్నర పాలు, అరటిపండు, గుప్పెడు వేయించిన వేరుశనగ గుళ్ళు, పద్దెనిమిది గ్రాములు. బస్సెక్కేటప్పుడు రాత్రే ఉడకబెట్టుకున్న గుడ్లు మూడు బాక్స్‌లో, తొమ్మిదింటి బ్రేక్‌లో తింటా, ఇంకో పద్దెనిమిది. రెండున్నరకి వచ్చి అన్నం, పప్పు, గుడ్డు పులుసు, ఒక పెద్ద కప్పు పెరుగు, ముప్పై నాలుగు వరకు. సాయంత్రం జిమ్. రాత్రి చికెన్ కవర్‌తో అన్నమో పుల్కాలో, ముప్పై పైన. అన్నీ కలిపితే వంద. ఒక్కో పూటా పాతికకి అటూ ఇటూ పడేలా చూసుకుంటా, ఒకే పూట అంతా తినేసి మిగతా పూటలు టీ బిస్కెట్‌తో లాగించడం కంటే ఇలా తిన్న వారాల్లోనే జిమ్‌లో బరువులు పెరిగాయి నాకు. ఇంకో విషయం, అన్నం మానెయ్యకండి. బక్కగా ఉన్నవాళ్ళు ప్రోటీన్ పిచ్చిలో అన్నం తగ్గించేసి బరువు పెరగట్లేదని బాధపడుతుంటారు, మా రూమ్‌లోనే ఒకడున్నాడు, ఒంటికి సరిపడా క్యాలరీలు లేకపోతే తిన్న ప్రోటీన్‌ని కూడా ఒళ్ళు ఇంధనంలా కాల్చేసుకుంటుంది.

సీ షిఫ్ట్ వారం అసలు కష్టం. పొద్దున ఏడున్నరకి రూమ్‌కి వచ్చి, రెండు గుడ్లు, పాలు తీసుకుని పడుకుంటే మెలకువ వచ్చేసరికి మూడవుతుంది, అప్పటికి కొట్టులో పప్పు అడుగంటి ఉంటుంది, గుడ్డు పులుసులో గుడ్లు ఉండవు, పులుసే ఉంటుంది. మొదటి నెల ఆ వారాల్లో రెండేసి కిలోలు తగ్గిపోయేవాణ్ణి. ఒకరోజు అక్కకి నా డ్యూటీ సంగతి చెప్పా. అప్పటినుంచి ఆ వారం పడుకునే ముందు ఫోన్ చేస్తే ఒక పప్పు, ఒక గుడ్డు పులుసు పక్కన పెడుతోంది, పన్నెండింటికి రూమ్మేట్ తెచ్చి ఫ్రిజ్‌లో పెడతాడు. "రాత్రంతా మేలుకునే ఉద్యోగం, సరిగ్గా తినకపోతే ఎలా బాబూ" అని ఆవిడ అన్నరోజు నిజంగా మా అమ్మ గుర్తొచ్చింది. నెలకి పద్నాలుగు వేలు తీసుకున్న మీల్ బాక్స్ వాళ్ళని డెలివరీ టైమ్ మార్చమని నాలుగు సార్లు అడిగినా మార్చలేదు, ముప్పై రూపాయల పప్పు అమ్మే ఆవిడ అడగ్గానే చేసింది, ఈ రివ్యూ రాయాలనిపించడానికి సగం కారణం అదే.

లోపాలు కూడా చెప్పాలి. నూనె ఎక్కువ, చాలా ఎక్కువ. చికెన్ గ్రేవీని గ్లాసులో పోసి కాసేపు ఉంచి పైన తేలిన నూనె చెంచాతో తీసి తూస్తే 22 గ్రాములు ఉంది, గ్రాముకి తొమ్మిది క్యాలరీల లెక్కన అది ఒక్కటే దాదాపు రెండు వందల క్యాలరీలు. మొదటి నెలలో నాకు ఛాతీ కంటే ముందు నడుం పెరిగింది, ప్యాంట్ బిగుతైంది. అప్పటినుంచి ముక్కలు తీసుకుని గ్రేవీ సగం వదిలేస్తున్నా. ఉప్పు కూడా గట్టిగానే వేస్తారు, పచ్చడి, అప్పడం కూడా దానికి తోడైతే రోజుకి అయిదు గ్రాముల హద్దు మధ్యాహ్నానికే దాటిపోతుంది, అందుకే పచ్చడి మానేశా. వేడివేడి కూర పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోసి దారం కట్టడం నాకు అస్సలు నచ్చదు, స్టీల్ క్యారేజీ తీసుకెళ్తా, అందులోనే పోస్తారు, కవర్‌లో కంటే ఒక గరిటె ఎక్కువే పడుతుంది. అన్నిటికంటే పెద్ద తప్పు, ఏప్రిల్‌లో ఒకరోజు రాత్రి తొమ్మిదిన్నరకి తెచ్చిన చికెన్ వాసన తేడాగా ఉంది, అలసటలో తినేశా, రెండు రోజులు విరేచనాలతో లీవ్ పెట్టాల్సొచ్చింది. మధ్యాహ్నం వండింది ఆ ఎండల్లో రాత్రిదాకా బయట ఉంచితే పాడవక ఏమవుతుంది. వెళ్ళి చెప్తే ఆవిడ భర్త ఒప్పుకోలేదు, ఆవిడ మాత్రం ఏం మాట్లాడకుండా ఆ వారం నుంచి రాత్రికి చికెన్ వేరేగా వండిస్తోంది, సాయంత్రం ఆరున్నరకి వస్తుంది. మీరెక్కడ కొన్నా రాత్రి నాన్‌వెజ్ ఎప్పుడు వండారో అడిగి తీసుకోండి, అడగడానికి మొహమాటపడొద్దు.

ఖర్చు చెప్తా. కూరలకి సగటున రోజుకి 160, నెలకి 4,800. గుడ్లు మూడు ట్రేలు, పాలు, పెరుగు, బియ్యం, వేరుశనగ, అరటిపళ్ళు అన్నీ కలిపి ఇంకో 2,600. మొత్తం ఏడున్నర వేల లోపే. నాలుగు నెలల్లో 58 నుంచి 62.5 కిలోలకి వచ్చా, నడుం ఒక అంగుళం పెరిగింది, స్క్వాట్ 40 కిలోల నుంచి 75కి వెళ్ళింది, సీ షిఫ్ట్ చివర్లో కాళ్ళు లాగే నొప్పి ఇప్పుడు లేదు. మా అమ్మ వీడియో కాల్‌లో చూసి మొహం నిండింది అంది, నాకు కాటా చెప్పిన లెక్క కంటే ఆ మాట ఎక్కువ.

నేనైతే అయిదుకి నాలుగు ఇస్తా, తగ్గించిన ఒకటి నూనెకి. కొట్టు పొద్దున పదకొండు నుంచి మూడున్నర వరకు, సాయంత్రం ఆరున్నర నుంచి పది వరకు. బీ షిఫ్ట్ వాళ్ళు దిగేసరికి మూసేస్తారు కాబట్టి పన్నెండున్నరకే తీసుకుని ఫ్రిజ్‌లో పెట్టుకుని వెళ్ళండి, రాత్రి తినేముందు పొగలు వచ్చేదాకా వేడి చెయ్యండి. ఆదివారం సాయంత్రం సెలవు, మధ్యాహ్నం గోంగూర చికెన్ చేస్తారు, పన్నెండు దాటితే దొరకదు, వెళ్ళేవాళ్ళు క్యారేజీ మర్చిపోకండి.